మధ్య వరుసలో నిలిచిన స

మా ఆఫీసుల్లో బెంచ్ మీద ఉన్నారంటే చేతిలో పని లేదని అర్థం. నిజంగా బెంచీ ఏమీ ఉండదు. ప్రాజెక్టు అయిపోతుంది, ఇంకోటి దొరకదు, మెడలో ట్యాగ్ మాత్రం వేలాడుతూ ఉంటుంది. ఎనిమిది వారాల్లో ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి, లేదంటే రాజీనామా రాయమని చాలా మర్యాదగా అడుగుతారు. నాకు నలభై ఒకటో ఏట ఆ మెయిల్ వచ్చింది. పదిహేడేళ్ళుగా నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఇప్పుడా పని మెషీనే చేసేస్తుందట. అయినా రోజూ హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి, గేటు దగ్గర ట్యాగ్ చూపించి, ఏడో అంతస్తు క్యాంటీన్‌లో కిటికీ పక్కన కూర్చునేదాన్ని. పక్క టేబుల్ వాళ్ళు నన్ను చూడగానే గొంతు తగ్గించేవాళ్ళు. వాళ్ళ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

రెండో వారంలో బాచుపల్లిలో ఒక స్కూలు వాళ్ళ ప్రకటన చూశాను. సంగీతం టీచర్ కావాలి. మన పాట వచ్చి ఉండాలి, పిల్లల చేత మూడు వరుసల కోరస్, అంటే మూడు గుంపులు ఒకేసారి మూడు రకాలుగా పాడేది, కూడా పాడించగలగాలి. మొదటి సగం నాకు బాగానే వచ్చు. కాకినాడలో తొమ్మిదో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, డిప్లొమా కాగితం ఇంకా బీరువాలో ఉంది. రెండో సగం గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. దరఖాస్తులో మాత్రం తెలుసని రాసేశాను. ఏడో వారంలో డెమో క్లాసుకు రమ్మన్నారు. పన్నెండు మంది పిల్లలు, నలభై నిమిషాలు. నేను సొంతంగా కట్టిన చిన్న పాటను మూడు వరుసల్లో నేర్పించాలి. చివర్లో ప్రిన్సిపాల్ వచ్చి వింటారు. అది కాకపోతే నాకు ఇంకో దారి లేదు. ఆ సంగతి మా ఆయనకు కూడా అంత తెగేసి చెప్పలేకపోయాను.

ఆ రెండో సగం నేర్పే మాస్టారు దొరికింది మూసాపేట మెట్రో మెట్ల దగ్గర, గోడకు అంటించిన కాగితం మీద. "స్టాఫ్ నొటేషన్, హార్మనీ నేర్పబడును" అని చేతిరాత, కింద ఫోన్ నంబరు. వెళ్ళి చూస్తే డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు మిలిటరీ బ్యాండులో క్లారినెట్ వాయించారట. తర్వాత బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే బ్యాండు మేళం వాళ్ళకు ఏ బాకా ఏ స్వరం ఊదాలో కాగితాల మీద రాసిచ్చేవారట. రెండో అంతస్తులో రెండు గదుల కిరాయి ఇల్లు. కిటికీలోంచి చూస్తే రైలు పెట్టెల్లో నిలబడ్డ మనుషుల ముఖాలు కనిపిస్తాయి.

మొదటి రోజు నా చేత ఒక కీర్తన పాడించుకుని, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"మంచిగ పాడ్తవమ్మా," అన్నారు. "గని ఒక్కదానివే పాడ్తవ్. ఇగ ముగ్గురి లెక్క ఆలోచించుడు నేర్వాలె."

ఆయన చెప్పింది వినడానికి సులువుగానే ఉంది. స, గ, ప ఒకేసారి మోగితే ఒక కార్డ్. ప, ని, రి మోగితే ఇంకో కార్డ్. పాట నడుస్తున్నకొద్దీ కార్డులు మారుతుంటాయి. మారేటప్పుడు ఒక్కో గొంతు తన దారిన తను, వీలైనంత దగ్గరి అడుగు వేసుకుంటూ నడవాలి. ఎవరూ ఎవరినీ అనుకరించకూడదు. నిబంధనలంటే నాకు భయమేముంది, పదిహేడేళ్ళు వాటితోనే బతికాను కదా అనుకున్నాను. క్యాంటీన్ టేబుల్ దగ్గరే కూర్చుని ఎనిమిది గీతల, అంటే ఎనిమిది లైన్ల పాటకు మూడు వరుసలూ రాసేసి, మర్నాడు పొద్దున్న ఏడింటికే పరీక్ష పేపరు ఇచ్చినంత ధీమాగా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఎర్ర పెన్ను తీశారు. ఒక సున్నా చుట్టారు. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే కాగితమంతా ఎర్ర సున్నాలు.

"ఏందమ్మా గిట్ల రాసినవ్?"

"తప్పేముందండి? అన్నీ కార్డులో ఉన్న స్వరాలే కదా."

"స్వరాలు అవ్వే. గని పైన ఆమె ఎక్కితే నడుమ ఆమె ఎక్కింది, కింద ఆమె ఎక్కింది. పైన ఆమె దిగితే అందరు దిగిన్రు. ఐదు స్వరాల దూరంల ఇద్దరు జంటగ నడిస్తే చెవికి ఒక్క మనిషి లెక్కనే వినపడ్తది. ముగ్గురిని కూలికి పిలిచి ఒక్కరితోని పని చేపిస్తున్నవ్."

"మా దగ్గర కలిసి పాడటమంటే కలిసి వెళ్ళడమేనండి," అన్నాను. గొంతులో కోపం నాకే వినిపించింది.

నేను చెప్పింది అబద్ధం కాదు. కాకినాడలో మా పంతులమ్మగారి ముందు ఎనిమిది మందిమి చాప మీద కూర్చునేవాళ్ళం. ఆవిడ ఎటు వెళితే అటు, ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ. ఎవరి గొంతైనా పక్కకు జరిగితే ఆవిడ పాట ఆపరు, తిట్టరు. తాళం వేస్తున్న కుడిచేతిని తొడ మీంచి లేపి, రెండు వేళ్ళు పైకి చూపిస్తారు. గొంతు ఎత్తమని. ఆ వేళ్ళు ఎవరి వైపు తిరిగితే వాళ్ళు సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళం. కచేరీకి వెళితే అక్కడా అంతే, పాడేవాళ్ళ వెనకాలే వయొలిన్ నడుస్తుంది. ముప్ఫై ఏళ్ళు అదే మంచి పాట అని నమ్మినదాన్ని, విడివిడిగా నడవమంటే నా కాళ్ళు ఎలా కదులుతాయి?

"గది గదే, ఇది ఇదే," అన్నారు మాస్టారు. "గది మర్చిపొమ్మని ఎవరన్నరు? మళ్ళ రాయి."

మళ్ళీ రాశాను. మళ్ళీ సున్నాలు. నాలుగోసారి రాసిన కాగితం మీద మూడే సున్నాలు వచ్చాయి. ఆ రోజు మెట్లు దిగుతూ సంతోషించానో ఏడ్చానో నాకే తెలియదు. ఎందుకంటే ముందు రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఒక ప్రాజెక్టు వాళ్ళు నన్ను వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేశారు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, నేను పేరు కూడా వినని టూల్ గురించి అడిగి, "పర్వాలేదండి, మేము చెప్తాం" అని కెమెరా ఆపేశాడు. నాలుగో వారం అయిపోయింది. ఇంటికి వెళ్ళగానే మా ఆయన "ఏమైనా వచ్చిందా?" అని అడిగారు. పాపం ఆయన మామూలుగానే అడిగారు. నేనే విసురుగా "వస్తే చెప్పనా?" అన్నాను.

రాయడం కాస్త దారిలో పడ్డాక పాడటం మొదలైంది. అసలు కష్టం అక్కడ మొదలైంది. మాస్టారు క్లారినెట్ మీద పై వరుస వాయిస్తారు, నేను మధ్య వరుస పాడాలి. ఒంటరిగా పాడితే ఆ వరుస నాకు నోటికి వచ్చు. ఆయన వాయించడం మొదలుపెట్టగానే రెండు గీతలు బాగానే నిలబడేదాన్ని. మూడో గీతలో నా గొంతు నాకు చెప్పకుండానే జారిపోయి ఆయన స్వరం పక్కన చేరిపోయేది. చేరినట్టు కూడా తెలిసేది కాదు. తెలియకపోగా హాయిగా ఉండేది.

"మళ్ళ పోయినవ్."

"ఎక్కడండి?"

"నేనున్న దగ్గరికి. నేను పోయే దిక్కు వినకు. నీ కాయితం చూడు."

పొద్దున్నే పది సార్లు, పదిహేను సార్లు అదే మాట. కిటికీ బయట రైళ్ళు వచ్చి పోయేవి. నా ట్యాగ్ గేటు దగ్గర చూపించాల్సిన టైము దాటిపోయేది. అయినా ఎవరూ అడగలేదు. అది ఇంకా భయంగా ఉండేది.

ఆరో వారంలో ఆయన నా పాట చివరి గీతలో ఒక మార్పు చేశారు. పై వరుస గ నుంచి రి కి దిగుతుంది. కింది వరుస ప కి వెళుతుంది. మధ్య వరుస మామూలుగా అయితే స నుంచి ని కి దిగిపోవాలి. దిగొద్దన్నారు. రెండు లెక్కల పాటు స మీదే ఆగమన్నారు. అందరూ కొత్త కార్డ్‌లోకి వెళ్ళిపోయాక కూడా మధ్యలో ఉన్న మనిషి పాత స్వరం పట్టుకునే నిలబడి, ఆ తర్వాత మెల్లగా ని కి దిగాలి.

"రి పక్కన స పెడితే గీసుకుంటుందండి. వినేవాళ్ళు తప్పనుకుంటారు."

"అనుకోని. జర గుచ్చుకోవాలె. గుచ్చుకున్నంక దిగితేనే దిగినట్టుంటది."

ఆయన రి పట్టుకుని ఊదుతుంటే, నేను స మీద నిలబడటానికి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను. ఆ రి నా గొంతును పైకి లాగుతోంది. ఎన్నోసారో గుర్తులేదు, ఒక్కసారి మాత్రం నేను కదల్లేదు. రెండు స్వరాలూ ఒకదానికొకటి రాసుకుని నా పళ్ళ దాకా జివ్వుమంది. తర్వాత నేను ని కి దిగాను. గది మొత్తం ఊపిరి వదిలినట్టయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి, దాచుకోలేదు. నలభై ఏళ్ళలో నేను ఒకరితో కలిసి పాడింది అదే మొదటిసారి అనిపించింది.

మాస్టారు క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని, "డెమోల ఇది వద్దు తియ్," అన్నారు. "తీసేసి సీదా రాయి."

"పిల్లలు పాడలేరంటారా?"

"పిల్లలు పాడ్తరు. పాడించేటోళ్ళకే కష్టం."

నేను తీయలేదు. నాకు వచ్చిందని చూపించుకోవాలనే యావ. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

డెమో రోజు బాచుపల్లి రోడ్డు మీద స్కూలు బస్సుల మధ్య ఆటోలో ఇరుక్కుని, అరగంట ముందే చేరాల్సినదాన్ని ఐదు నిమిషాల ముందు చేరాను. జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. సంగీతం గదిలో ఒక కీబోర్డు, ఒక తెల్లబోర్డు, పదీ పన్నెండేళ్ళ పిల్లలు పన్నెండు మంది. నలుగురేసి చొప్పున మూడు గుంపులుగా నిలబెట్టాను. సరిగమలు మూడు వరుసల్లో రాసిన కాగితాలు పంచి, అవే బోర్డు మీద కూడా పెద్దగా రాశాను. మధ్య గుంపులో చివర కళ్ళజోడు పిల్ల ఒకతి నిలబడింది. కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో స్వరం కింద వేలు పెట్టి చదువుతోంది.

"మేడమ్, ఇక్కడ రెండుసార్లు స ఉంది. స మీదే ఆగాలా?" అని అడిగింది.

"ఆగాలి. ఎవరు ఏమి పాడినా నువ్వు స వదలకూడదు," అన్నాను.

విడివిడిగా పాడిస్తే మూడు గుంపులూ చక్కగా పాడాయి. ఇరవై ఐదు నిమిషాలు గడిచాయి. మూడూ కలిపి రెండుసార్లు పాడించేసరికి పాట నడుస్తోంది గానీ మధ్య గుంపు పలచబడుతోంది. ఇంకొక్కసారి సరిచేద్దాం అనుకునేలోపే తలుపు తెరుచుకుంది. ప్రిన్సిపాల్ గారు, ఆవిడ వెనక మరో ఇద్దరు. గోడ వారగా కుర్చీల్లో కూర్చున్నారు. ఒకాయన చేతిలో ఫారం, పెన్ను.

"కానివ్వండి, మేమున్నామని అనుకోకండి," అన్నారావిడ.

శ్రుతి ఇచ్చి చెయ్యి ఊపాను.

మొదటి గీత బాగుంది. రెండో గీతలో మధ్య గుంపులో ముగ్గురు పై వరుస వైపు జారుకోవడం మొదలుపెట్టారు. నాకు తెలిసిన జారుడే, నేను వారాల తరబడి జారిన జారుడే. ఏం చేయాలో తోచలేదు. ఫారం ఉన్నాయన ఏదో రాసుకున్నాడు. మూడో గీతకు వచ్చేసరికి పైనున్న నలుగురూ, మధ్యలో ముగ్గురూ ఒకే పాట పాడుతున్నారు. చివరి గీత వచ్చింది. ఏడుగురూ రి మీదకు దిగారు. ఆ రి పక్కనే ఒక్క గొంతు, సన్నగా, గీసుకుంటూ వినిపించింది.

నా చెవి తప్పు అంది. ఆలోచించలేదు. నా కుడిచెయ్యి లేచి, రెండు వేళ్ళు ఆ పిల్ల వైపు పైకి చూపించింది.

కళ్ళజోడు పిల్ల నా వేళ్ళ వైపు చూసింది. ఒక్క క్షణం తన కాగితం చూసుకుంది. మళ్ళీ నా వైపు చూసి, గొంతు ఎత్తి రి లో కలిసిపోయింది. పాట నున్నగా ముగిసింది.

ప్రిన్సిపాల్ గారు ముందుగా చప్పట్లు కొట్టారు. "ఎంత చక్కగా కలిసి పాడారండి! అందరిదీ ఒక్క గొంతులా ఉంది," అన్నారు.

నేను నవ్వుతూ వెనక్కి తిరిగాను. బోర్డు మీద నా చేతిరాత. చివరి గీత, మధ్య వరుస, స. దాని పక్కన అక్కడే ఆగమని నేను గీసిన గీత.

మధ్య వరుస నలుగురిలో నా పాటను నేను రాసినట్టు పాడింది ఆ పిల్ల ఒక్కతే. పదిహేడేళ్ళు తప్పులు పట్టి జీతం తీసుకున్నదాన్ని, ముగ్గురి తప్పును వదిలేసి ఒక్కదాని ఒప్పును పట్టుకున్నాను. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఆగండి, తప్పు నాదే, మళ్ళీ పాడిస్తానని చెప్పొచ్చు. గోడ వారగా ఉన్నాయన ఫారం మీద టిక్కు పెడుతూ కనిపించాడు.

"థాంక్యూ అండి," అన్నాను.

ఆ పిల్ల తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గౌను జేబులో దోపుకుంది.

రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. ఉద్యోగం నాకే. జూన్‌లో చేరమన్నారు. మా ఆయన ఫోన్‌లోనే "అమ్మయ్య" అని గట్టిగా అరిచారు, ఆయన ఎంత భయపడుతూ ఉన్నారో అప్పుడు తెలిసింది. ఆఫీసులో ట్యాగ్ ఇచ్చేసి, మూసాపేటలో దిగి, స్వీట్ల డబ్బాతో మాస్టారింటికి వెళ్ళాను.

"వచ్చిందండి," అన్నాను.

"నాకెరుకనే వస్తదని. నడుమ వరుస నిలబడ్డదా?"

అబద్ధం చెబుదామనే అనుకుంటూ మెట్లెక్కాను. ఆయన ముఖం చూస్తే నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన క్లారినెట్ నోటి ముక్క విప్పి గుడ్డతో తుడుస్తూ విన్నారు.

"ఆ పిల్ల నీ కాయితాన్ని నమ్మింది. నువ్వే నమ్మలే."

"అవునండి."

"మరి ఆ పిల్లకు చెప్పినవా, నువ్వే కరెక్టని?"

"ప్రిన్సిపాల్ గారు అక్కడే ఉన్నారండి."

"ఆమె ఉంటే ఏమైతది?"

స్వీట్ల డబ్బా ఆయన ముందుకు జరిపాను. ఆయన తిడతారని చూశాను. తిడితే బాగుండేది. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో చాయ్ పోసుకొచ్చి, ఒకటి నా ముందు పెట్టారు.

జూన్‌లో మొదటి క్లాసుకు వెళ్ళేసరికి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మూడు గుంపులుగా నిలబడి ఉన్నారు. మధ్య గుంపులో ముగ్గురే ఉన్నారు. కళ్ళజోడు పిల్ల పై వరుస వాళ్ళ వెనకాల, గోడకు ఆనుకుని నిలబడింది.

"నువ్వు మధ్య వరుస కదా?"

"నన్ను ఇక్కడే ఉంచండి మేడమ్."

"ఎందుకమ్మా?"

"ఇక్కడైతే అందరూ ఉంటారు కదా మేడమ్."

రెండు నెలలుగా దాచుకున్న మాట అది వినగానే బయటికి వచ్చేసింది. వరండాలో ప్రిన్సిపాల్ గారి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, తలుపు తెరిచే ఉంది. అయినా అందరికీ వినపడేలా చెప్పాను.

"డెమో రోజు చివర్లో నువ్వు స మీద ఆగావు. గుర్తుందా? అదే కరెక్టు. మధ్య వరుసలో నువ్వొక్కదానివే కరెక్టుగా పాడావు. తప్పు చేసింది నేను."

చెప్పుల చప్పుడు తలుపు దగ్గర ఆగిపోయింది. పిల్లలందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. ఆమె కళ్ళజోడు సర్దుకుంది. ఏడుస్తుందేమో, నవ్వుతుందేమో అని చూశాను. రెండూ చేయలేదు.

"తెలుసు మేడమ్," అంది. "పేపర్ మీద స అనే ఉంది."

"మరి ఎందుకు మార్చావు?"

"మీరు చెయ్యి ఎత్తారు కదా."

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆమె పక్కకు వెళ్ళి నిలబడి, మొదటి నుంచి పాడమన్నాను.